మా ఇంటికి విదేశీ అతిథి వస్తోంది: ఫారం-సి గురించి తెలిసినవాళ్లు చెప్పరా?

విశాఖ ఎంవీపీ కాలనీలో అద్దెకుంటున్నామండి. కౌచ్‌సర్ఫింగ్‌లో (ప్రయాణికులకు ఊరివాళ్ల ఇళ్లలో ఉచితంగా బస కుదిర్చే సైటు) పరిచయమైన జర్మనీ అమ్మాయి వచ్చే వారం మా ఇంట్లో దిగుతానంది. పైసా తీసుకోవట్లేదు. (2020లో ఆ సైటు చందా పెట్టాక చాలామంది ట్రస్ట్‌రూట్స్, బీవెల్‌కమ్ లాంటి సైట్ల వైపు వెళ్లారు, నేను మాత్రం కదల్లేదు.) ఇదివరకు వచ్చినవాళ్లంతా మన దేశంవాళ్లే. వాచ్‌మన్ పుస్తకంలో పేరు, ఫోన్ నంబరు రాయిస్తే సరిపోయేది.

విదేశీయులు దిగితే 24 గంటల్లోగా వాళ్ల వివరాలు ప్రభుత్వానికి తెలిపే ఫారం-సి (2025 నుంచి ఫారం-III) ఆన్‌లైన్‌లో నింపాలని, అది హోటళ్లకే కాదు ఇళ్లకూ వర్తిస్తుందని తెలుసు. పాస్‌పోర్టు, వీసా ఫోటోలు ముందే పంపమన్నాను, పంపింది. చిక్కల్లా మా వైపు కాగితాలతోనే. ఆ ఫారం నింపే సైటులో లాగిన్ కోసం ఓనరుగారి అనుమతి పత్రం కావాలా, అద్దె ఒప్పందం చాలా? ఆయన ఉండేది హైదరాబాద్‌లో, ఫోనెత్తడమే గగనం. లాగిన్‌కి ఆమోదం ఆలస్యమైతే కాగితం మీద రాసి పోలీస్ స్టేషన్‌లో ఇస్తే తీసుకుంటారా?

ఇంకోటి. మధ్యలో కిరండూల్ బండెక్కి అరకు వెళ్లి, ఓ రాత్రి అక్కడుండి మళ్లీ మా ఇంటికే వస్తుందట. అప్పుడు ఫారం మళ్లీ కొత్తగా నింపాలా?

విశాఖలో ఈ పని స్వయంగా చేసినవాళ్లు చెబితే మేలు. మా అత్తగారైతే ఆ పిల్లకి గోంగూర పడుతుందా అని మాత్రమే అడుగుతున్నారు.