డీటీపీ షాపు క్రాక్ లేకుండా నడుస్తదా? ఉచిత సాఫ్ట్‌వేర్ ఎక్కడి దాకా పనికొస్తది?

నక్కలగుట్ట ఆపరేటర్:
హన్మకొండ, కాజీపేట, వరంగల్ చౌరస్తా దిక్కు కొత్తగా డీటీపీ షాపు పెట్టేటోళ్ళకు మొదటి రోజే ఎదురయ్యే ప్రశ్న ఇది. షాపంటే ఒక కంప్యూటర్, ఒక ప్రింటర్. వచ్చే పని పెళ్ళి పత్రికలు, ఫ్లెక్సీలు, దరఖాస్తులు. అందరూ వేసేది పేజీలు పేర్చే పేజ్‌మేకర్ 7, ఫొటోలు దిద్దే ఫొటోషాప్, తెలుగు కొట్టే అను ఫాంట్లు. అందులో చానా చోట్ల క్రాక్ కాపీలే (డబ్బు కట్టకుండ తాళం పగలగొట్టినవి) ఉంటై. వీటి బదులు ఉచితంగ దొరికేవి, ఫొటోలకు జింప్, పేజీలకు స్క్రైబస్, బొమ్మలు గీసేందుకు ఇంక్‌స్కేప్, దరఖాస్తులకు లిబ్రేఆఫీస్ పెట్టుకుంటే షాపు నడుస్తదా? నడవదంటే ఏ పని కాడ ఆగుతదో పేరు పెట్టి చెప్పండి.

ప్లేట్ మేకర్:
నడవదు తమ్మీ. మూడు కారణాలు. ఒకటి, ఆఫ్‌సెట్ ప్రెస్సుకు సీఎంవైకే కావాలె, అంటే సయాన్ (లేత నీలం), మెజెంటా (గులాబీ ఎరుపు), పసుపు, నలుపు, ఒక్కో రంగుకు ఒక్కో ప్లేటు. ఇంక్‌స్కేప్ ఇచ్చే పీడీఎఫ్ ఆర్‌జీబీ, అంటే స్క్రీన్ రంగులది. అందులో నల్ల అక్షరం ప్లేట్ల కాడికొచ్చేసరికి నాలుగు రంగుల్లోకి చీలుతది. ఎనిమిది పాయింట్ల అక్షరంల ప్లేటు వెంట్రుకవాసి జరిగినా పక్కన ఎర్ర నీడ, నీలి నీడ కనబడతది. రెండు, ఇక్కడ దొరికే ఆపరేటర్ల వేళ్ళు అను ఫాంట్లకు వాడే 'యాపిల్' అనే మీటల అమరికకు అలవాటు పడ్డయ్. మూడు, పాత పత్రికల ఫైళ్ళన్నీ పేజ్‌మేకర్‌లనే ఉన్నై. స్క్రైబస్ వాటిని ఉన్నది ఉన్నట్టు తెరవదు.

యూనికోడ్ పంతులు:
ప్లేట్ మేకర్ అన్న చెప్పిన రెండో, మూడో కారణాలే అసలు ముడి. మనల్ని కట్టిపడేసింది ఫొటోషాప్ కాదు, అక్షరం. అను ఫాంటులో తెలుగు అక్షరాలు ఇంగ్లీషు అక్షరాల స్థానాల్లో కూర్చుని ఉంటాయి. ఆ ఫాంటు లేని కంప్యూటర్లో అదే ఫైలు తెరిస్తే అర్థంలేని ఇంగ్లీషు గుర్తుల వరుస కనిపిస్తుంది. ప్రతి తెలుగు అక్షరానికి సొంత స్థానం ఇచ్చే యూనికోడ్ పద్ధతి పేజ్‌మేకర్‌కు అసలే తెలియదు. 2001లో వచ్చిన 7వ వెర్షనే దానికి ఆఖరిది.

దీనివల్ల షాపులో రోజూ జరిగే నష్టం ఒకటుంది. పెళ్ళివారు పత్రిక మ్యాటర్ వాట్సాప్‌లో పంపుతారు. అది యూనికోడ్. పేజ్‌మేకర్‌లో అతికిస్తే రాదు, మొత్తం మళ్ళీ కొట్టాలి. వియ్యంకుడి పేరులో ఒత్తు పోయేది, ముహూర్తం అంకె తారుమారయ్యేది ఆ రెండోసారి కొట్టేటప్పుడే. స్క్రైబస్‌లో అదే మ్యాటర్ నేరుగా అతికించవచ్చు.

ఒక హెచ్చరిక. స్క్రైబస్ 1.4 పెట్టుకుంటే తెలుగు ఒత్తులు విడిపోయి కనిపిస్తాయి. చాలామంది అది చూసే వదిలేశారు. 2024లో వచ్చిన 1.6 నుంచి స్థిర వెర్షన్‌లోనే ఒత్తులు సరిగా కూర్చుంటాయి.

ప్లేట్ మేకర్:
సరే, అతుకుతది. మరి నల్లరంగు సంగతేంది? రెండు రంగుల పత్రికైతే? కుంకుమ రంగొకటి, నలుపొకటి, రెండే ప్లేట్లు రావాలె. నాలుగొస్తే ఖర్చు ఎవరు పెట్టుకుంటరు?

స్క్రైబస్ వాడేవాడు:
అన్నా, రెండూ అయితై. వరుసగా చెప్త.

కొత్త డాక్యుమెంట్ తీసేటప్పుడే బ్లీడ్ (కోతకు అంచు దాటి వదిలే రంగు) నాలుగు దిక్కుల 3 మిల్లీమీటర్లు పెట్టాలె. రంగుల జాబితాలో కొత్త రంగు చేసి, దానికి స్పాట్ కలర్ (విడి ప్లేటుతో అచ్చయ్యే రంగు) అని టిక్ పెట్టి కుంకుమ అని పేరియ్యండి. నల్ల అక్షరాలకు సయాన్, మెజెంటా, యెల్లో సున్నా, నలుపు 100 ఉన్న రంగే వాడాలె. పీడీఎఫ్ ఎగుమతిల కలర్ ట్యాబ్‌కు పోయి అవుట్‌పుట్ ప్రింటర్ అని ఎంచుకోవాలె. స్పాట్ రంగులను ప్రాసెస్ రంగులుగా (సీఎంవైకే నాలుగు రంగులుగ) మార్చే టిక్ అక్కడనే ఉంటది, అది తీసెయ్యాలె. నాలుగు ప్లేట్లు వచ్చేది ఎక్కువగా ఈ టిక్ మరిచినందుకే. ఫాంట్స్ ట్యాబ్‌ల అన్నిటినీ అవుట్‌లైన్ చేస్తే (గీతలుగ మారిస్తే) ప్రెస్సుల ఆ ఫాంటు లేకున్నా ఫరక్ పడదు. ప్రీ-ప్రెస్ ట్యాబ్‌ల క్రాప్ మార్కులు (కాగితం కోసే గుర్తులు), డాక్యుమెంట్ బ్లీడ్ వాడమనే టిక్ పెట్టాలె.

ఆఖరుకు ప్రింట్ ప్రివ్యూ తెరిచి ఒక్కో రంగు ప్లేటు విడిగ చూడండి. నలుపు ప్లేటు మీద అక్షరాలన్నీ ఉండి, సయాన్ ఖాళీగ ఉన్నదంటే ఫైలు సరిగ్గ ఉన్నట్టు.

ఇంక్‌స్కేప్‌ల గీసిన వినాయకుడు, కలశం ఉంటే పీడీఎఫ్ చేయకండి. ఎస్‌వీజీగ (గీతల బొమ్మ ఫైలుగ) దాచి స్క్రైబస్‌లకు తెచ్చుకొని రంగు అక్కడ మార్చుకోండి. అందుల తెలుగు అక్షరాలుంటే ముందే కంట్రోల్, షిఫ్ట్, సీ నొక్కి గీతలుగ మార్చాలె. లేకుంటే దిగుమతిల ఒత్తులు చెదిరిపోతై.

జాతర ఫ్లెక్సీలు:
ఫ్లెక్సీకి ఇంత తిప్పలు లేదు, జింప్ చాలు. ఆరడుగులు, నాలుగడుగుల బ్యానర్ అంటే 72 అంగుళాలు, 48 అంగుళాలు. అంగుళానికి 72 పిక్సెల్స్ పెడితే 5184, 3456 వస్తై. ఎనిమిది జీబీ ర్యామ్‌ల హాయిగ నడుస్తది. ఇరవై అడుగులు, పది అడుగుల స్వాగత బోర్డుకు గూడ అదే 72 పెట్టి కంప్యూటర్ ఆగిపోయిందంటరు. రోడ్డు అవతల నుంచి చూసే బోర్డుకు 36 చాలు, 8640, 4320 అయితై. అంచులకు మూడంగుళాల లోపట అక్షరం పెట్టొద్దు, కన్నాలు కొట్టేది అక్కడనే.

స్క్రీన్ మీద మెరిసే ముదురు నీలం ప్రింటుల ఊదాకు పోతది. నీలానికి సయాన్ కంటే మెజెంటా కనీసం 30 శాతం తక్కువ ఉండేటట్టు చూసుకోవాలె. జింప్ 3ల వ్యూ మెనూ కింద రంగుల ప్రూఫ్ పెట్టుకుంటే ఈ మార్పు ముందే కనబడతది. మేడారం జాతర ముందు ఒక్క రాత్రిల పదులకొద్ది బ్యానర్లు పడతై. అప్పుడు రంగు తప్పితే మళ్ళ వేసే టైమ్ ఉండది.

ఆల్బమ్ డిజైనర్:
పెళ్ళి ఆల్బమ్ పని చేసే షాపుకు మాత్రం జింప్ చెప్పకండి. బజార్ల దొరికే ఆల్బమ్ షీట్లన్నీ పీఎస్‌డీలు, అంటే ఫొటోషాప్ ఫైళ్ళు. జింప్‌ల తెరిస్తే అక్షరాలు చానాసార్లు బొమ్మలైతై. స్మార్ట్ ఆబ్జెక్టులు అనే ఫొటో గడులల్ల ఫొటో మార్చుకోవడం కుదరది. ఈ పనికి బ్రౌజర్ల నడిచే ఫొటోపీ నయం. ప్రకటనలతో ఉచితం, ఫైలు మన కంప్యూటర్లనే ఉంటది. కాని లెక్క చూసుకోండి. 12, 36 అంగుళాల షీటు 300 డీపీఐల 3600, 10800 పిక్సెల్స్. నిండు లేయర్ (ఒకదాని మీద ఒకటి పేర్చే పొర) ఒక్కటే దాదాపు 155 ఎంబీ. ఇరవై లేయర్లు మూడు జీబీ దాటుతై. నాలుగు జీబీ ర్యామ్ ఉన్న కంప్యూటర్ల ట్యాబ్ మూసుకపోతది, చేసిన పని పోతది. రోజూ ఆల్బమ్‌లే చేసే షాపు ఫొటోషాప్‌కు నెలనెలా డబ్బు కట్టుడే న్యాయం.

ఫైళ్ళ కాపలా:
కట్టండి, లేదా ఉచితం వాడండి. క్రాక్ మాత్రం వద్దు. కాపీరైట్ చట్టం 1957లో 63బి సెక్షన్ ఉంది. దొంగ కాపీ అని తెలిసి కంప్యూటర్లో వాడితే కనీసం 7 రోజుల నుంచి 3 ఏళ్ళ వరకు జైలు, 50 వేల నుంచి 2 లక్షల వరకు జరిమానా. వ్యాపార లాభం కోసం కాదనిపిస్తే కోర్టు జైలు మినహాయించవచ్చు. షాపు అంటేనే వ్యాపారం, ఆ మినహాయింపు మనకు అందదు.

అంతకన్నా దగ్గరి ప్రమాదం ఇంకొకటి. క్రాక్ వేసే ముందు యాంటీవైరస్ ఆపమంటారు. ఆ తలుపులోంచే స్టాప్ డీజేవీయూ రకం వైరస్‌లు వస్తాయి. ఫైళ్ళన్నిటికీ తాళం వేసి డబ్బు అడుగుతాయి. కస్టమర్ల ఆధార్ జిరాక్సులు, సర్టిఫికెట్ల స్కాన్లు ఉండేది అదే కంప్యూటర్లో.

ఉచితమైనవి కూడా గూగుల్‌లో వెతికి మొదటి లింకు నొక్కకండి, పైన వచ్చేది చాలాసార్లు ప్రకటన. జింప్ డాట్ ఓఆర్‌జీ, స్క్రైబస్ డాట్ నెట్, ఇంక్‌స్కేప్ డాట్ ఓఆర్‌జీ అని అడ్రసు మీరే కొట్టండి.

ప్లేట్ మేకర్:
ప్లేట్ల సంగతి ఒప్పుకుంటున్న. స్క్రైబస్ నుంచి అట్ల వచ్చిన ఫైలుకు ఏ ప్రెస్సూ వంక పెట్టలేదు. కీబోర్డు, పాత ఫైళ్ళు మిగిలినై.

యూనికోడ్ పంతులు:
కీబోర్డుకు మార్గం ఉంది. యాపిల్ అమరికను యూనికోడ్‌కు మార్చిన లేఔట్లు ఉచితంగా దొరుకుతాయి. కావాలంటే మైక్రోసాఫ్ట్ ఉచితంగా ఇచ్చే కీబోర్డ్ లేఔట్ క్రియేటర్‌తో మీకు అలవాటైన మీటల వరుస మీరే తయారు చేసుకోవచ్చు. తేడా ఒక్కటే: అనులో అక్షరం ఆకారాన్ని ముక్కలుగా కొడతాం, యూనికోడ్‌లో పలికే వరుసలో కొట్టాలి. 'క్రమం'లో క, పొల్లు, ర. చేతికి ఎక్కేదాకా వేగం తగ్గుతుంది, ఆ మాట దాచను.

పాత ఫైళ్ళలోని మ్యాటర్‌ను అను నుంచి యూనికోడ్‌కు మార్చే కన్వర్టర్‌లో వేసి మార్చుకోవచ్చు. క్రావడి, రెండు ఒత్తులున్న అక్షరాలు తప్పుగా వస్తుంటాయి కనుక పేర్లన్నీ కళ్ళతో చూడాలి. మళ్ళీ అడుగుతారనుకున్న ఫైళ్ళే మార్చండి, అన్నీ అక్కర్లేదు.

లిబ్రేఆఫీస్‌లో దరఖాస్తు కొట్టేవాళ్ళు స్టైల్ మార్చినా తెలుగు మారలేదంటారు. తెలుగుకు ఫాంటు, సైజు కాంప్లెక్స్ టెక్స్ట్ లేఔట్ అనే వేరే గడిలో ఉంటాయి. ఆప్షన్స్, లాంగ్వేజెస్ కింద దాన్ని ఆన్ చేసి తెలుగు ఎంచుకోండి.

నక్కలగుట్ట ఆపరేటర్:
అందరికి థ్యాంక్స్ అన్నా. ఆల్బమ్‌లు తీసుకోకుండ పత్రికలు, ఫ్లెక్సీలతో మొదలు పెట్టేటోళ్ళకు దారి కనబడ్డది. ఒక్కటే మిగిలింది: అను అంత అందమైన ఫాంట్లు యూనికోడ్‌ల ఉన్నయా?

స్క్రైబస్ వాడేవాడు:
అన్ని రకాలు లేవు, అది నిజం. కాని గూగుల్ ఫాంట్స్‌ల రామభద్ర, పొన్నాల, రవిప్రకాష్, తిమ్మన, ధూర్జటి, మండలి ఉన్నై. షాపుల వాడుకున్నా పైసా కట్టేది లేదు. శీర్షికకు రామభద్ర, మ్యాటర్‌కు మండలి పెట్టి చూడండి. ఏ ఫాంటైనా పత్రికల పెట్టే ముందు ఈ వరుస కొట్టి పెద్ద సైజుల ప్రింట్ తియ్యండి: చి.ల.సౌ., జ్యేష్ఠ పుత్రిక, లక్ష్మీనరసింహస్వామి, రాష్ట్రం. ష్ట్ర కింద రెండు ఒత్తులు ఒకదాన్నొకటి తాకితే, లేదా కింది వరుసకు తగిలితే లైన్ల మధ్య ఎడం పెంచాలె. పెంచినా తాకితే ఆ ఫాంటు పత్రికకు పనికిరాదు.