సెయింట్ హెలెన్స్ దారిలో నది మేట చూసే చోటు ఉందా?

లంకరైతు:
అందరికీ నమస్కారమండి. మాది రావులపాలెం దగ్గర గౌతమి ఒడ్డు లంక. అబ్బాయి సియాటిల్‌లో ఉంటాడు. చలికాలం ఎండ పట్టున గడుపుదామని నవంబరులో నన్నూ వాళ్లమ్మనీ కారులో ఆరిజోనా తీసుకెళ్తానంటున్నాడు. దారిలో సెయింట్ హెలెన్స్ అగ్నిపర్వతం చూపిస్తాడట. 1980 మే 18 ఉదయం దాని ఉత్తరపు వైపంతా జారి పేలిపోయిందనీ, 57 మంది పోయారనీ, 9,677 అడుగుల శిఖరం 8,363 అయిందనీ చెప్పాడు.

నా మనసు మాత్రం నది మీదే ఉందండి. ఆ బురద టూటిల్, కౌలిట్జ్ నదుల మీదుగా కొలంబియాలో పడి, ఓడలు తిరిగే 40 అడుగుల లోతు 14కి పూడిపోయిందట. 1986 ఆగస్టు వరదకి మా రెండెకరాల అరటి మీద నడుములోతు ఇసుక మేట వేసింది. నాన్నా నేనూ ఎడ్లబండి మీద రెండు వేసవులు తోలాం. ఇసుక తీసేకొద్దీ అడుగున అరటి బోదెలు నల్లగా, పట్టుకుంటే పీచుగా ఊడొచ్చేవి. ఆ వాసన ఇంకా మరిచిపోలేదు. అంత మేట వేసిన నదిని ఓసారి కళ్లారా చూడాలి. మా ఆవిడకి మోకాళ్ల నొప్పులు, కారు దిగి చూసే చోటు చెప్పండి.

పోర్ట్‌లాండ్ కోడలు:
బాబాయ్ గారూ, మా పుట్టిల్లు అమలాపురం. ఐ-5 మీద క్యాజిల్ రాక్ దగ్గర 49వ ఎగ్జిట్ దిగి 504 రోడ్డు పట్టండి. హాఫ్‌స్టాట్ బ్లఫ్స్ దగ్గర ఆపితే టూటిల్ ఉత్తరపాయ లోయ కనిపిస్తుంది. బూడిదరంగు మేట మీద నీళ్లు పాయలు పాయలుగా విడిపోయి, వేసవిలో ధవళేశ్వరం దిగువన మన గోదారిలాగే ఉంటుంది. నేను మొదటిసారి చూసి ఏడ్చేశాను. మేట ఇప్పటికీ దిగుతూనే ఉంది, దాన్ని ఆపడానికే 1989లో పెద్ద కట్ట కట్టారు.

అగ్నిపర్వతాన్ని ఎదురుగా చూసే జాన్‌స్టన్ రిడ్జ్ గుట్ట దాకా పోదామనుకోకండి. 2023 మేలో కొండచరియ విరిగిపడి వంతెన కొట్టుకుపోయింది, అప్పుడు పైరోడ్డు మూసేశారు. బయల్దేరే ముందు కనుక్కోండి. నవంబరులో మబ్బు పడితే శిఖరం కనపడదు, నది కనపడుతుంది. అక్కడి రాయీ బూడిదా తీసుకోకూడదు.

గౌరీపట్నం:
రాయి కావాలంటే మా ఊరు రండి అన్నా, దేవరపల్లి పక్కనే. ఇక్కడి క్వారీల్లో కొట్టే నల్లరాయి అంతా లావాయే. దాదాపు 6.5 కోట్ల ఏళ్ల నాటిది, పడమటి కనుమల వైపు నుంచి పారి వచ్చిందంటారు. పొరల మధ్య సున్నపురాయిలో గుల్లలు దొరుకుతాయి, నా దగ్గర బొటనవేలి గోరంతది ఒకటుంది. మనది లేతపాకం, అందుకే అంత దూరం పారింది. సెయింట్ హెలెన్స్‌ది ముదురుపాకం, లోపలి వాయువు బయటికి రాలేక పేలింది.

లంకరైతు:
చాలా సంతోషమండి, ఆదివారం గౌరీపట్నం వస్తాను. అమ్మా, ఇంకొక్కటి. అక్కడ బూడిద మీద మొదట ఏం మొలిచింది? మా చేలో రెల్లు మొలిచింది.

పోర్ట్‌లాండ్ కోడలు:
కొండ కింద బూడిద మైదానంలో ముందు నిలదొక్కుకున్నది లుపిన్ బాబాయ్ గారూ. ఊదాపూల మొక్క, మన పిల్లిపెసర జాతే. వేళ్ల బుడిపెల్లో నత్రజని పడుతుంది.

లంకరైతు:
మేమూ రెల్లు పీకేశాక ముందు పిల్లిపెసరే చల్లామమ్మా. మూడో ఏడు అరటి పెట్టాం.