ఒంటరి దీవికి 8 పాటలు, ఒక విలాస వస్తువు: ఎలా ఎంచుకోవాలి?

తీరంరాత్రి (ప్రశ్న):

నిర్జన ద్వీపంలో చిక్కుకుపోతే ఏ పాటలు వెంట ఉండాలి అనే ఆట చాలామందికి తెలిసిందే. బీబీసీ రేడియోలో 1942 జనవరిలో మొదలైన కార్యక్రమం నియమాలే తీసుకుంటున్నాను: 8 రికార్డులు, ఒక పుస్తకం, ఒక విలాస వస్తువు. ఆ వస్తువుకు ప్రాణం ఉండకూడదు. దీవి దాటడానికి గానీ, బయటివాళ్లకు కబురు పంపడానికి గానీ పనికిరాకూడదు. పుస్తకం గురించి ఇక్కడ వద్దు, అది తెగే చర్చ కాదు.

అయితే సరదా ఆటలా కాకుండా, నిజంగానే ఒక ఏడాది ఉండాలనుకుని చెప్పండి. ఎండ, ఉప్పుగాలి, కరెంటు లేదు, పలకరించే మనిషి లేడు. మూడు సందేహాలు. 40 పాటల జాబితాను 8కి దించే పద్ధతి ఏమైనా ఉందా? ఇష్టాన్ని బట్టి మార్కులు వేస్తుంటే అన్నింటికీ పదికి తొమ్మిది పడుతున్నాయి. రెండోది, చిన్న డిజిటల్ మ్యూజిక్ ప్లేయరా, కీ ఇచ్చి తిప్పే గ్రామఫోనా? మూడోది, విలాస వస్తువు కింద వాయిద్యం మేలా, లేక దిండు, సబ్బు లాంటి ఒంటికి సుఖమిచ్చేవి మేలా?

పల్లవి_తర్వాత:

మార్కులతో తేలదండీ. ఇవాళ మీరు మార్కు వేస్తున్నది పదోసారో ఇరవయ్యోసారో విన్న పాటకి. దీవిలో వినబోయేది తొమ్మిదివందలోసారి. లెక్క కట్టండి: పాట సగటున 6 నిమిషాలైతే 8 కలిపి 48 నిమిషాలు. రోజుకు రెండు గంటలు వింటే ఒక్కోటి రెండున్నర సార్లు వస్తుంది, ఏడాదికి 900 దాటుతుంది.

పదేపదే ఎదురైనదాని మీద ఇష్టం పెరుగుతుందని మనస్తత్వ శాస్త్రవేత్త రాబర్ట్ జాయన్స్ 1968లో చూపించాడు. ఆ పెరుగుదల ఒక చోట ఆగి కిందికి దిగుతుందని, సరళమైనవి ముందే దిగుతాయని, చిక్కుముడి ఎక్కువున్నవి ఆలస్యంగా దిగుతాయని ఆ తర్వాత అదే రంగానికి చెందిన డేనియల్ బెర్లైన్ వాదించాడు. మనకు పనికొచ్చే ముక్క ఇదే. ఒక్క మెరుపు మీద నిలబడ్డ పాట ముందు చస్తుంది. వినగానే రోమాలు నిక్కబొడిచే ఆ ఒక్క విరుపు, చివర్లో అమాంతం శ్రుతి పెంచడం, మధ్యలో వచ్చే డైలాగు... మూడో వారానికి వీటినే దాటేయాలనిపిస్తుంది.

అందుకని పరీక్ష ఇలా పెట్టండి. 40లోంచి 12 తీయండి. అదే వరసలో, రోజుకు రెండుసార్లు, 14 రోజులు వినండి. ఆ రోజుల్లో వేరే సంగీతం చెవిన పడనీయకండి (ఇదే కష్టం, ఇక్కడే అందరూ మోసం చేస్తారు). పక్కన కాగితం ఉంచుకుని, చెయ్యి ముందుకు జరపబోయిన ప్రతిసారీ పాట పేరు, ఎన్నో నిమిషం, ఎన్నో సెకను అని రాసుకోండి. ఒకే చోట మూడు రోజులు వరసగా గుర్తు పడితే ఆ పాటను కొట్టేయండి. గుర్తులు చెదురుమదురుగా ఉంటే అది మీ మూడ్ తప్పు, పాటది కాదు.

మిగిలినవాటిని పనులకు సర్దండి. నడకకూ చేతిపనికీ నిమిషానికి 100 నుంచి 120 దెబ్బల లయ ఉన్నది ఒకటి. నిద్రకు 60–80 మధ్య నడిచేది ఒకటి. మీ గొంతు స్థాయిలో, మీరు కూడా కలిసి పాడగలిగేది కనీసం ఒకటి. కచేరీలో రికార్డు చేసినది ఒకటి తప్పకుండా ఉండాలి: చప్పట్లు, ఎవరో దగ్గడం, శ్రుతి సరిచూసుకోవడం వినిపించేది. ఊళ్లో ఉండగా ఇవన్నీ విసుగు, మనిషి జాడ లేని చోట అవే తోడు. ఒక చోటు మీకు ఇంకా పూర్తిగా అర్థం కాని రచనకు వదలండి. నాలుగైదు స్వరధారలు ఒకదాన్నొకటి తరుముకునే ఫ్యూగ్ (ఒక రకం పాశ్చాత్య సంగీత రచన) గానీ, నిదానంగా విప్పుకుంటూ పోయే రాగాలాపన గానీ ఇందుకు బాగా పనికొస్తాయి. ఒకసారి పై ధార వెంట, ఇంకోసారి కింది ధార వెంట పోవచ్చు.

ఇక మామూలుగా జరిగే పొరపాట్లు. జ్ఞాపకాల్లో మన పది నుంచి ముప్పై ఏళ్ల వయసు మధ్యవే ఎక్కువ గట్టిగా నిలుస్తాయి కాబట్టి జాబితా మొత్తం ఆ వయసు పాటలతోనే నిండిపోతుంది. సగానికి మించకుండా చూసుకోండి. ఒకే గొంతు రెండుసార్లు వద్దు. ఒపేరా గాయని ఎలిజబెత్ ష్వార్జ్‌కాఫ్ ఆ బీబీసీ కార్యక్రమానికి వచ్చి 8లో 7 తన సొంత రికార్డులే అడిగింది. ఆవిడకు చెల్లింది.

ఉప్పుతుప్పు:

రెండో ప్రశ్నకు నా ఓటు ప్లేయర్‌కే. పాటల చోటు అసలు సమస్యే కాదు. 8 రచనలు కలిపి 3 గంటలైతే సీడీ నాణ్యతలో ఏమీ కుదించకుండా 1.9 జీబీ, ఫ్లాక్‌లో (నాణ్యత పోకుండా కుదించే ఫైలు రకం) దాదాపు సగం. ఒకే కాపీని రెండు మెమరీ కార్డుల్లో పెట్టి, ఒకటి ప్లేయర్‌లో, ఇంకోటి మూత బిగిసే డబ్బాలో ఉంచండి.

పాడయ్యేవి వేరే. లోపల అతికించేసిన లిథియం బ్యాటరీ ఉన్నది కొనకండి. అది 300–500 పూర్తి ఛార్జీల తర్వాత నీరసపడుతుంది, ఉబ్బితే మార్చే దారి లేదు. పెన్సిల్ సెల్స్ వేసుకునేది చూడండి. రీఛార్జబుల్ నికెల్ మెటల్ హైడ్రైడ్ సెల్స్ నాలుగు చాలు: రెండు వాడకంలో, రెండు ఛార్జింగ్‌లో. ఒక్కోటి 1.2 వోల్టులు, 2000 ఎంఏహెచ్ అంటే 2.4 వాట్ అవర్లు. ఇయర్‌ఫోన్‌తో 0.15 వాట్ తాగే ప్లేయర్ ఒక్క సెల్ మీద 12 గంటలకు తక్కువ నడవదు.

సోలార్ ప్యానెల్ 5–6 వాట్లది సరిపోతుంది. ఇక్కడ అందరూ చేసే తప్పు ఛార్జర్‌ను, సెల్స్‌ను ప్యానెల్ పక్కనే ఎండలో పెట్టడం. ప్యానెల్ ఎండలో, మిగతావన్నీ వైరు పొడవున నీడలో ఉండాలి. మబ్బు పట్టగానే వోల్టేజి పడిపోయి ఛార్జింగ్ ఆగుతుంది. కొన్ని ఛార్జర్లు ఎండ వచ్చాక తమంతట తాము మళ్లీ మొదలుపెట్టవు, ముందే ప్యానెల్ మీద చెయ్యి అడ్డం పెట్టి తీసి చూసుకోండి. ప్యానెల్ మీద ఉప్పు పొర పేరుకుంటే పొడిగుడ్డతో రుద్దొద్దు, గీతలు పడతాయి. మంచినీళ్లతో కడిగి ఆరనివ్వండి.

ఇయర్‌ఫోన్ గుచ్చే రంధ్రంలో, ఛార్జింగ్ పిన్నుల మీద ఆకుపచ్చటి బూజులాంటిది కనబడితే అది రాగి తుప్పు. ఉప్పు తేమ ఉన్నప్పుడే కరెంటు పారితే పిన్నులను తుప్పు రోజుల్లో తినేస్తుంది. కాబట్టి తడి చేత్తో గుచ్చడం, రాత్రంతా గుచ్చి వదిలేయడం రెండూ వద్దు. వైరున్న ఇయర్‌ఫోన్లు రెండు జతలు పెట్టుకోండి, వైరు తెగేది ఎప్పుడూ పిన్ను మెడ దగ్గరే. వైర్‌లెస్ అంటే రెండు చెవులకూ పెట్టెకూ కలిపి మూడు బ్యాటరీల బెడద.

డబ్బాలో వేసే సిలికా జెల్ (తేమ పీల్చే పూసలు) రంగు మారే రకం అయి ఉండాలి. తడి లాగేశాక ఎండబెడితే సరిపోదు. 110–120 డిగ్రీల దగ్గర రెండు గంటలు వేడి చేయాలి. సన్న సెగ మీద మందపాటి పెనంలో కదుపుతూ ఉండండి, పెనం ఎర్రబడేంత మంట పెడితే పూసలు పాడవుతాయి.

కీగుర్రం:

గ్రామఫోన్ వైపు ఎవరూ మాట్లాడేలా లేరు కాబట్టి నేను చెప్తాను, నిజాయితీగానే.

ఆ కార్యక్రమంలో దీవికి గ్రామఫోనుతోపాటు తరగనన్ని సూదులు ఇస్తున్నామని మొదట్లోనే అనేవారు. తెలిసే అన్నారు. రికార్డు ఒక పక్క వినడానికి ఒక ఉక్కు సూది, అంతే. లక్క రికార్డులో రాతిపొడి కలుస్తుంది, అది మొదటి కొన్ని చుట్లలోనే సూది మొనను గాడి ఆకారానికి అరగదీస్తుంది. పక్క అయిపోయేసరికి మొనకు రెండువైపులా పదునైన అంచులు దేరతాయి. అదే సూదితో రెండో పక్క పెడితే ఆ అంచులు గాడిని చెక్కేస్తాయి, మొదట పోయేది గట్టిగా పాడిన చోట్లే. 8 రికార్డులు, 16 పక్కలు, రోజుకు ఒక్కసారి వింటే ఏడాదికి 5,840 సూదులు. 200 సూదుల డబ్బీలు 30.

దీనికి పాత మందు వెదురు సూది. బాగా ముదిరి ఎండిన వెదురు పైతోలు నుంచి మూడు పలకల పుల్ల తీసి, కొసను ఏటవాలుగా ఒక్క వేటుకు కోయాలి. నలిగితే పనికిరాదు. ప్రతి పక్కకూ కొస మళ్లీ కోసుకోవచ్చు. రికార్డుకు హాని తక్కువ. శబ్దం తగ్గుతుంది, పై స్వరాల మెరుపు పోతుంది. తేమకు మెత్తబడి పక్క మధ్యలోనే చతికిలబడుతుంది, కాబట్టి సూదులకు కూడా ఆ సిలికా జెల్ డబ్బా కావాలి. గట్టి ముళ్లను కూడా ఇలాగే నూరి వాడేవారు.

స్ప్రింగును రాత్రంతా బిగించి వదలకండి. తిరుగుతుండగా లోపల "దబ్" మని తంతే చుట్ల మధ్య గ్రాఫైటు గ్రీజు ఎండిందని అర్థం. రికార్డులను నిట్టనిలువుగా నిలబెట్టండి, ఒరిగితే వంగుతాయి. ఎండ తగిలితే ఒక్క మధ్యాహ్నం చాలు. స్పిరిటుతో ఎప్పుడూ తుడవొద్దు, లక్క కరిగిపోతుంది.

అసలు ఇబ్బంది ఇంకోటి. పది అంగుళాల పక్కకు 3 నిమిషాలు, పన్నెండు అంగుళాలకు 4 చిల్లర. పైవారు చెప్పిన నిదానమైన ఆలాపన దీనిమీద ముక్కలు ముక్కలే. గ్రామఫోనే కావాలంటే జాబితా చిన్న పాటల వైపు మార్చుకోవాల్సిందే.

నురుగుచెవి:

ఇద్దరూ సముద్రాన్ని లెక్కలో వేసుకోలేదు. అలల హోరు ఆగదు, సన్నని చప్పుళ్లన్నింటినీ మింగేస్తుంది. ఎంచుకున్న 12నీ ఒకసారి టేబుల్ ఫ్యాన్ ఫుల్ స్పీడులో పెట్టి, పక్కనే కూర్చుని చిన్న స్పీకర్లో వినండి. గుసగుసగా మొదలై ఉరుములా ముగిసే ఆర్కెస్ట్రా రచనల్లో సగం మాయమవుతుంది, వాల్యూమ్ మీద చెయ్యి తీయలేరు. ఒంటి గొంతు, వేణువు, మీటే తీగ నిలుస్తాయి. చిన్న స్పీకర్లో కింది స్వరాలు ఎలాగూ రావు, బాస్ మీదే కట్టిన పాటకు పునాది ఉండదు. మూసుకునే రకం ఇయర్‌ఫోన్ ఉంటే ఈ బాధ చాలావరకు తగ్గుతుంది.

మెట్లు_మైనం:

మూడో ప్రశ్నకు. అలెగ్జాండర్ సెల్కిర్క్ అనే నావికుడు 1704 నుంచి 1709 దాకా పసిఫిక్‌లోని హువాన్ ఫెర్నాండెజ్ దీవుల్లో ఒంటరిగా నాలుగేళ్ల పైన ఉన్నాడు. పరుపు, బైబిలు వెంట ఉన్నాయి, కీర్తనలు పాడుకునేవాడు. అయినా ఓడవాళ్లు కనుక్కునేసరికి వాడక లేక మాటలు సగం సగమే వస్తున్నాయట. అంటార్కిటికా యాత్రకు వెళ్లిన షాకిల్టన్ ఓడ 1915లో మంచులో నలిగిపోయినప్పుడు మనిషికి 2 పౌండ్ల సొంత సామాను మాత్రమే అన్నాడు, తన బృందంలోని హస్సీ బాంజోను (మీటే తీగ వాయిద్యం) మాత్రం 12 పౌండ్లున్నా తెమ్మన్నాడు. తర్వాత ఎలిఫెంట్ ఐలాండ్ అనే దీవిలో ఆ బృందంలోని 22 మంది సాయం కోసం నెలల తరబడి ఎదురుచూసినప్పుడు అది అక్కడే ఉంది. వినడం వేరు, గొంతు, చెయ్యి కదిలించడం వేరు. నేను వాయిద్యం వైపే.

కానీ ఏ వాయిద్యం అన్నది మీ ఇష్టం కంటే తేమ ఇష్టం. గిటార్ కొయ్యకు 45–55 శాతం తేమ సుఖం. అంతకు మించితే పైపలక ఉబ్బుతుంది, జిగురు వదులుతుంది. నైలాన్ తీగలు తుప్పు పట్టవు గానీ, కింది మూడింటికీ పైన చుట్టిన లోహం నల్లబడి మెట్ల దగ్గర తెగుతుంది. ఆ మూడూ రెండు మూడు సెట్లు పెట్టుకోండి. వీణ మాట తలవకండి: 24 మెట్లూ మైనంలో కూర్చుని ఉంటాయి, ఎండకు మైనం మెత్తబడితే మెట్టు జరుగుతుంది, శ్రుతి గోవిందా. తోలు వాయిద్యాలు తేమకు సాగి మూగబోతాయి. మౌతార్గన్‌లో ఒక ఇత్తడి నాలిక విరిగితే ఆ స్వరం ఇక లేనట్టే. మిగిలింది వెదురు వేణువు: కదిలే భాగం లేదు, తుప్పు లేదు, బరువు లేదు.

ఒంటి సుఖాలే కావాలంటే దూది దిండు వద్దు, బూజు పడుతుంది. లేటెక్స్ దిండు నయం, ఎండ తగలకుండా. సబ్బులో కొబ్బరినూనెతో చేసినదే తీసుకోండి. మామూలు సబ్బు ఉప్పునీళ్లలో నురగ రాదు, నీళ్లలోని కాల్షియం, మెగ్నీషియం దాన్ని విరిచి జిడ్డు తెట్టుగా మారుస్తాయి. అయితే తరిగిపోయేదాన్ని విలాసం కింద ఎంచుకోవడం నాకు నచ్చదు. చివరి సబ్బుబిళ్ల అరుగుతుంటే చూడటం ఒక శిక్ష.

తీరంరాత్రి:

పరీక్ష మొదలుపెడుతున్నాను, ప్లేయర్ ఖాయం. కీగుర్రం గారూ, వెదురు సూది చదివాక మనసు కొంచెం లాగింది గానీ 3 నిమిషాల దగ్గర ఆగిపోయాను. వేణువు ఎండకు పగలదా?

మెట్లు_మైనం:

పగులుతుందండీ. తడిసి, వెంటనే ఎండలో ఆరితేనే పగులుతుంది. వాయించాక లోపలి తేమను గుడ్డ చుట్టిన పుల్లతో తుడిచి నీడలోనే ఆరబెట్టండి. నెలకోసారి లోపలా బయటా నూనె పలచగా రాయండి, ఊదే రంధ్రం అంచుకు మాత్రం అంటనీయకండి. వెళ్లేముందే మూడు నాలుగు చోట్ల మైనం పట్టించిన దారం బిగుతుగా, వేలెడు వెడల్పున చుట్టుకోండి. రంధ్రాల మధ్య, రెండు కొసల దగ్గర. చీలిక వచ్చినా దారం దగ్గర ఆగుతుంది. సన్న చీలిక నుంచి గాలి పోతుంటే కింది స్వరాలు ముందు మొరాయిస్తాయి. అప్పుడు చీలికలో మైనం నొక్కి, పైన మళ్లీ దారం చుట్టండి.