సమస్య: పెరిక నెక్కి యెద్దు పేట కేగె

సంచాలకులు: ఈ వారం సమస్య ఆటవెలది నాలుగో పాదం. ముందు మూడు పాదాలూ మీరు రాసి పద్యం పూరించాలి.

పెరిక నెక్కి యెద్దు పేట కేగె

ఎద్దు మీద పెరిక ఉండాలి, ఇక్కడ పెరిక మీద ఎద్దు ఉంది. ఆ తలకిందులును పొసగించడమే మీ పని. పద్యం కింద రెండు మాటల్లో మీ ఊహ కూడా చెప్పండి.

కొత్తపలక: అయ్యా, మన్నించాలి. పెరిక అంటే ఏమిటి? పెరకడం నుంచి వచ్చిందా? గట్టు లాంటిదేదో అనుకుని సగం పద్యం రాసి ఆపేశాను.

సంచాలకులు: అడిగి మంచి పని చేశారు. గట్టు కాదు, పెరకడంతోనూ పని లేదు. పెరిక అంటే గోనె, గోతం. అయితే ఏ గోతాన్నిబడితే ఆ గోతాన్ని పెరిక అంటే మాటలోని రుచి పోతుంది. బండ్లు నడిచే బాటలు లేని రోజుల్లో ఉప్పు, ధాన్యం ఊళ్ళు దాటింది ఎద్దుల వీపు మీదే. వీపుకు రెండు పక్కలా సమంగా వేలాడేటట్టు వేసిన గోనె పెరిక, దాన్ని మోసేది పెరికెద్దు. ఆ వర్తకం చేసినవారికి కులం పేరుగా కూడా ఈ మాటే నిలిచింది. లంబాడీలు కోస్తా నుంచి ఉప్పును లోపలి సీమలకు చేర్చిందీ ఇలాంటి ఎద్దుల మందలతోనే. బస్తా అన్నది పారసీ నుంచి వచ్చిన మాట, కట్టినది అని అర్థం. ఇప్పుడు అది కొలత కూడా అయింది. కోస్తాలో వడ్ల బస్తా అంటే 75 కిలోలు. ఎద్దును తలపించే మాట మాత్రం పెరికే. అందుకే ఈ పాదంలో గోనె అనలేదు.

నాగేటిచాలు:
కాలు జారకుండ గడ్డితో నింపిన
సంచు లొత్తుగాను సర్ది లారి
లోకి రైతు పిలువ లోబడి మెల్లగా
పెరిక నెక్కి యెద్దు పేట కేగె

సంతకు ఎద్దును లారీలో తీసుకువెళ్ళేటప్పుడు ఇనుప రేకు మీద గిట్టలు నిలవవు. మా నాన్న గడ్డి కూరిన గోతాలు పరిచేవారు. ఎద్దు ముందు ఒక్క కాలు పెట్టి, ఒత్తి చూసుకుని, తర్వాతే రెండో కాలు ఎత్తేది.

సంచాలకులు: చూసి రాసిన పద్యం. ‘లోబడి మెల్లగా’ అన్న చోట ఆ ఎద్దు కనిపించింది. ఒక్క లోపం: రెండో పాదంలో సంచులు చాలా ఉన్నాయి, నాలుగో పాదంలో పెరిక ఒక్కటే. ‘సంచి నొకటి వేసి సర్ది లారి’ అంటే యతి (పాదం మొదటి అక్షరానికీ నాలుగో గణం మొదటి అక్షరానికీ ఉండే పొత్తు) చెడదు, వచనమూ కుదురుతుంది.

నాగేటిచాలు: సవరణ శిరోధార్యం. నిజానికి మేము పరిచేవి నాలుగు. పద్యం కోసం ఒకటి చేస్తాను.

పురికొస:
మిల్లువారు తమదు మేటి గుఱుతుగాగ
నల్లరంగుతోడ నచ్చు వేయ
మేత లేక కాలు మెదపక బొమ్మయై
పెరిక నెక్కి యెద్దు పేట కేగె

గోతం మీద ముద్రించిన ఎద్దు బొమ్మ అన్నమాట. చిన్నప్పుడు మిల్లులో దబ్బనంతో బస్తాల మూతులు కుట్టాను. బొమ్మ మీద కుట్టు పడితే మేస్త్రీ విప్పించి మళ్ళీ కుట్టించేవాడు.

కలువకొలను: మూడో పాదం అద్భుతం. కానీ రెండో పాదం యతి చూడండి. ‘తోడన్ + అచ్చు’ కదా. ద్రుతం, అంటే ‘తోడన్’ చివరి నకారం, దాని మీదికి వచ్చింది అకారం. ‘నల్ల’లోని నకారానికి అది చెల్లదు.

పురికొస: చెవికి నకారమే వినిపిస్తోంది కదండీ?

సంచాలకులు: చెవికి సరే, ఛందస్సు మాత్రం సంధి విడదీసే చూస్తుంది. కలువకొలను గారి మాటే సరైనది. ‘నల్లరంగు నద్ద నాణెముగను’ అనండి. నాణెముగను అంటే నాణ్యంగా; అందులో నకారం మాటకు సొంతం. ‘అద్ది’ అని మాత్రం రాయకండి. అద్దేది మిల్లువారు, పేటకు వెళ్ళేది ఎద్దు. కర్తలు వేరైనప్పుడు ఆ రూపం పొసగదు. పూరణలోని ఊహకు మాత్రం నా నమస్కారం. ఎద్దును మోసే పెరికను ఇంత సహజంగా చూపిస్తారనుకోలేదు.

పాతపుటలు: పద్యం కాదు, ఒక ముచ్చట. గోనె అన్నది సంస్కృత గోణికి తద్భవం. ఇంగ్లీషువారి గన్నీ కూడా అక్కడిదే. పతంజలి తన వ్యాకరణ గ్రంథం మహాభాష్యంలో గోశబ్దానికి అపభ్రంశాలు చెబుతూ గావీ, గోణీ, గోతా, గోపోతలికా అన్నాడు. ఆవు అనే అర్థంలో గోణి తప్పు మాట, సంచి అనే అర్థంలో ఒప్పు మాట. అంటే పశువు, గోనె ఒకే మాటలో ఎక్కి దిగడం పాత సంగతే.

సంచాలకులు: ఈ పాదం ఇచ్చేటప్పుడు నాకు ఇది తట్టలేదు. ధన్యవాదాలు.

మట్టిగాజు:
ఏరువాక వచ్చె నింటింట నిలుపగా
మట్టితోడఁ జేసె మామ యొకటి
గంపలోన మడిచి కదలకుండగ నుంచు
పెరిక నెక్కి యెద్దు పేట కేగె

మాది రాయలసీమ పల్లె. ఏరువాకకు మట్టి ఎద్దులను పూజిస్తాం. మా మామ వాటిని చేసి గంపలో పేటకు తీసుకువెళ్ళేవారు. అడుగున చిరిగిన గోనెను నాలుగు మడతలు వేసేవారు. కొమ్ములు విరిగితే ఎవరూ కొనరు.

కలువకొలను: అమ్మా, యతులన్నీ చక్కగా ఉన్నాయి. మొదటి పాదంలో ‘వచ్చె నింటింట’కు ఇందాకటి సూత్రమే చక్కగా చెల్లింది, ఏకారానికి ఇకారం. రెండో పాదంలో ‘ఒకటి’ అని ఆపి, అదేమిటో చివరి దాకా దాచారు.

సంచాలకులు: ‘గంతకు తగ్గ బొంత’ అంటాం. గంత బరువు మోసే పశువు వీపున వేసేది, వీపు ఒరుసుకోకుండా. ఈ పద్యంలో వీపున ఉండాల్సిన గోనె మట్టి ఎద్దు కాళ్ళ కింద చేరింది. అమ్మా, మీ మామగారు దాన్ని ఏమనేవారు? గోనె అనా, పెరిక అనా?

మట్టిగాజు: పెరికె అనేవారండీ. ‘పెరికె తడిపి వెయ్యమ్మా, పొడిదైతే జారుతుంది’ అనేవారు. తడిపి, గట్టిగా పిండి, గంప అంచుకు ఆనేటట్టు పరిచేదాన్ని. ఆ ‘తడిపి’ పద్యంలో పట్టలేదు.

సంచాలకులు: పట్టించండి. ‘మడిచి’ ఉన్నచోట ‘తడిపి’ పెడితే గణం అదే.