సివిల్ బీటెక్ అవగానే కన్‌స్ట్రక్షన్ మేనేజ్‌మెంట్ పీజీయా, ముందు సైటా?

ఘట్‌కేసర్ కుర్రాడు

నాది సివిల్ ఫైనల్ ఇయర్. గేట్ రాశాను, స్కోరు ఫర్వాలేదు. వరంగల్ ఎన్‌ఐటీలో కన్‌స్ట్రక్షన్ టెక్నాలజీ అండ్ మేనేజ్‌మెంట్ ఎంటెక్ రావచ్చు. రాకపోతే కన్‌స్ట్రక్షన్ మేనేజ్‌మెంట్ పీజీ చెప్పే శామీర్‌పేట నిక్మార్ ఉంది, కానీ దానికి లోన్ తీసుకోవాలి. ఇంకోపక్క నల్లగండ్లలో ఒక అపార్ట్‌మెంట్ సైట్‌కి జూనియర్ ఇంజనీర్‌గా రమ్మన్నారు, జీతం 18 వేలు. నాన్న పీజీ చేయమంటున్నారు. సీనియర్లేమో సైట్ చూడకుండా మేనేజ్‌మెంట్ చదివితే తలకెక్కదంటున్నారు. త్వరలో తేల్చుకోవాలి, టెన్షన్‌గా ఉంది. ఈ ఫీల్డులో ఉన్నవాళ్లు చెప్పండి.

సెల్లార్ ఇంజనీర్

తమ్ముడూ, ముందు సైట్. ఎందుకో చెప్తా.

సిటీలో పగలు పెద్ద బండ్లకు ఆంక్షలు ఉంటాయి కాబట్టి శ్లాబులు చాలావరకు రాత్రిపూట వేస్తాం. ప్లాంటులో కాంక్రీటు బండి నింపిన టైమ్ చలానా మీద ఉంటుంది. నింపిన రెండు గంటల్లో కాంక్రీటు దించేయాలని రెడీమిక్స్ కాంక్రీటు ప్రమాణం ఐఎస్ 4926 చెబుతుంది. బండి ఓఆర్‌ఆర్ దిగాక ఇరుక్కుపోయిందనుకో. రెండున్నర గంటలకు వచ్చింది, స్లంప్ (కాంక్రీటు జారుడుతనం) పడిపోయింది. డ్రైవర్ నీళ్లు కలపమంటాడు, మేస్త్రీ 'ఏం కాదు సార్, కలిపేద్దాం' అంటాడు, ప్రాజెక్ట్ మేనేజర్ ఫోన్ ఎత్తడు. బండి వెనక్కి పంపితే శ్లాబు మధ్యలో ఆగుతుంది, పాత, కొత్త కాంక్రీటు కలిసే జాయింట్ ఎక్కడ వదలాలో అప్పటికప్పుడు నువ్వే తేల్చాలి. నీళ్లు కలపనిస్తే 28 రోజుల తర్వాత టెస్టులో ఆ కాంక్రీటు నమూనా క్యూబ్ బలం చాలక విరిగినప్పుడు సమాధానం చెప్పాల్సిందీ నువ్వే. ఆ నిమిషంలో 'వద్దు, వెనక్కి పంపండి' అనే ధైర్యం క్లాసులో రాదు. అది వచ్చాక షెడ్యూలింగ్ చదివితే, ఏ పని ఎప్పుడో చూపే బార్ చార్టులో 'శ్లాబు' అని రాసిన చిన్న గీత కింద ఎంతమంది రాత్రి నిద్ర ఉందో తెలుస్తుంది. సైట్ ముఖం చూడకుండా ప్రైమావెరా (షెడ్యూలింగ్ సాఫ్ట్‌వేర్) నేర్చుకుని వచ్చిన పిల్లలు ప్లాస్టరింగ్‌ని బ్రిక్‌వర్క్ అయిన మర్నాడే పెట్టేస్తున్నారు. కరెంటు పైపులకు గోడ ఎప్పుడు కొడతారని అడిగితే జవాబుండదు.

క్లెయిమ్స్ చూసే అక్క

సెల్లార్ ఇంజనీర్ గారూ, కాంక్రీటు గురించి మీరు చెప్పిన ప్రతి మాటా ఒప్పుకుంటాను. కానీ మీ లెక్క ప్రకారం సైట్ అన్నీ నేర్పేస్తే మన కాంట్రాక్టర్లు ఇన్ని కేసుల్లో ఎందుకు ఓడిపోతున్నారు?

హైదరాబాద్‌లో సెల్లార్ తవ్వితే రాయి తగలడం కొత్తేం కాదు. మట్టికి ఒక రేటు, గట్టి రాయికి ఒక రేటు, ఇళ్ల మధ్య బ్లాస్టింగ్ కుదరని చోట చెక్కి తీయాల్సిన రాయికి ఇంకా ఎక్కువ రేటు. రాయి తేలిన రోజే లెవెల్స్ (ఎత్తు, లోతుల కొలతలు) తీసి, ఓనర్ తరఫు మనిషి, కాంట్రాక్టర్ తరఫు మనిషి ఇద్దరూ సంతకం పెట్టాలి. తవ్వేశాక అక్కడ మిగిలేది గొయ్యి. అందులో రాయి ఎంత ఉండేదో ఇక ఎవరూ చెప్పలేరు. ఇరవై ఏళ్ల అనుభవం ఉన్న సైట్ ఇన్‌ఛార్జ్ కూడా 'తర్వాత చూసుకుందాం లెండి' అని పని కానిచ్చేస్తాడు. కోట్లు పోయేది ఆ మాట దగ్గరే.

ఇంకోటి. డ్రాయింగులు మూడు నెలలు ఆలస్యంగా వస్తాయి, కాంట్రాక్టర్ నోరెత్తకుండా తీసుకుని పని మొదలుపెడతాడు. 1872 నాటి కాంట్రాక్టు చట్టం 55వ సెక్షన్ ప్రకారం, ఆలస్యంగా ఇచ్చినదాన్ని తీసుకునేటప్పుడే 'నష్టపరిహారం అడుగుతాను' అని నోటీసు ఇవ్వాలి. లేకపోతే తర్వాత అడిగే హక్కు పోయే ప్రమాదం ఉంది. ఇది నాకు సైట్‌లో ఎవరూ చెప్పలేదు. పీజీలో కాంట్రాక్ట్స్ పేపర్‌లో చదివాను. తమ్ముడు వెళ్లే చిన్న సైట్‌లో పనికి వచ్చిన అడ్డంకులు రాసే హిండ్రెన్స్ రిజిస్టర్ అన్నదే ఉండకపోవచ్చు. అక్కడ మూడేళ్లు సిమెంట్ బస్తాలు లెక్కపెట్టి దాన్ని అనుభవం అంటే నేను ఒప్పుకోను.

బాచుపల్లి అమ్మాయి

ఇక్కడ అందరూ 'సైట్‌కి వెళ్లు' అని తేలిగ్గా చెప్పేస్తున్నారు. నేను వెళ్తానన్నా పంపలేదు.

బీటెక్ అవగానే నేను వెళ్లిన ప్రతి ఇంటర్వ్యూలో ఒకటే మాట: 'రాత్రి పోరింగ్ ఉంటుంది కదమ్మా, ఆఫీసులో బిల్లింగ్ చూసుకో.' ఒక చోట పట్టుబట్టి సైట్ పోస్టింగ్ తెచ్చుకుంటే అక్కడ ఆడవాళ్లకు టాయిలెట్టే లేదు. ఇటుకలు మోసే ఆడవాళ్లు డజను మంది ఉన్నారు, వాళ్లకూ లేదు. భవన నిర్మాణ కార్మికుల కోసం 1996లో చేసిన చట్టంలోనే మరుగుదొడ్లు ఉండాలని రాసి ఉండేది. నేను అడిగితే 'నీకు పక్క బిల్డింగ్‌లో ఏర్పాటు చేస్తాం' అన్నారు. నా ఒక్కదానికి!

నాకు సైట్ గేటు తెరిచింది పీజీయే. క్యాంపస్‌లో ప్లానింగ్ ఇంజనీర్‌గా పెద్ద ప్రాజెక్టులోకి తీసుకున్నారు. ప్లానింగ్ వాళ్లు వారం వారం ప్రోగ్రెస్ చూసుకోవాలి కాబట్టి సైట్‌లో తిరగకుండా ఎవరూ ఆపలేరు. ముందు సైట్, తర్వాత చదువు అనే సలహా ఎవరికి కుదురుతుందో కూడా చూసి చెప్పండి.

సెల్లార్ ఇంజనీర్

అమ్మా, మీరు చెప్పిన దాంట్లో ఒక్క అక్షరం కూడా కాదనను. మా సైట్‌లో ఇప్పుడు ఇద్దరు అమ్మాయిలు ఎగ్జిక్యూషన్‌లోనే ఉన్నారు, నైట్ షిఫ్టుకు బండి పెడుతున్నాం. పెట్టాలనుకుంటే కష్టమేం కాదు. అయితే ఈ తమ్ముడికి సైట్ నుంచి పిలుపు వచ్చింది కదా, ఇతనికి మాత్రం నా మాట అదే.

మెట్రో పిల్లర్ల కింద పనిచేసినవాణ్ణి

క్లెయిమ్స్ అక్క అన్నదానికి ఒక చిన్న ముక్క కలుపుతాను. మన మెట్రో మొదటి దశ 69 కిలోమీటర్లు. మియాపూర్ నుంచి నాగోల్ వరకు 2017 నవంబర్‌లో తెరిచారు, జేబీఎస్-ఎంజీబీఎస్ దారి 2020 ఫిబ్రవరి దాకా ఆగింది. సెగ్మెంట్లు (పై వంతెన ముక్కలు) యార్డులో పోసి తెచ్చి పైన బిగించడం మాకు పెద్ద సమస్య కాలేదు. ఆస్తుల సేకరణ, రోడ్డు కింద ఎవరికీ సరిగా తెలియని పాత పైపులైన్లు, కేబుళ్లు, ఒక్కో శాఖ అనుమతి... రోజులు పోయింది అక్కడ. కాంక్రీటు బాగా తెలిసినవాళ్లు మాలో చాలామంది ఉన్నారు. ఈ పనులన్నీ ఒకదానికొకటి ఎలా ముడిపడ్డాయో ముందే పసిగట్టి, పై వాళ్లకు కాగితం మీద చూపించగలిగేవాళ్లు తక్కువ. ఆ తక్కువ మందిలో పీజీ చేసినవాళ్లే ఎక్కువ కనిపించారు నాకు.

తమ్ముడూ, ఒక సంగతి మరిచిపోకు. గేట్ స్కోరు మూడేళ్లు చెల్లుతుంది. ఈ ఏడాదే వాడేయాలని లేదు. ఎన్‌ఐటీలో గేట్‌తో సీటొస్తే నెలకు 12,400 స్టైపెండ్ వస్తుంది, లోన్ బెడద పెద్దగా ఉండదు. కాబట్టి వరంగల్ వస్తే వెళ్లిపో. రాకపోతే మాత్రం లోన్ మీద ఇప్పుడే సంతకం పెట్టకు. ఒక ఏడాదో రెండేళ్లో సైట్ చేసి మళ్లీ అప్లై చెయ్.

క్లెయిమ్స్ చూసే అక్క

లోన్ విషయంలో మీతో ఏకీభవిస్తాను. కానీ ఆ ఏడాది ఎక్కడ చేస్తాడన్నది ముఖ్యం. నల్లగండ్ల వాళ్లను అడుగు తమ్ముడూ: నీకు ఇచ్చే పని ఏంటి, నీ పైన క్వాలిటీ ఇంజనీర్ ఎవరైనా ఉన్నారా, ఆర్‌ఏ బిల్లులు (పని సాగుతుండగా పెట్టే బిల్లులు) ఎవరు చేస్తారు? సరిగా చెప్పకపోతే ఇంకో సైట్ వెతుక్కో.

ఘట్‌కేసర్ కుర్రాడు

అందరికీ థాంక్స్. ఈరోజు వాళ్లకు ఫోన్ చేశాను. సైట్ మీద సరిపడా మనుషులు ఉన్నారట, బిల్లింగ్‌లో చేరమంటున్నారు. అక్కా, బిల్లింగ్‌ని సైట్ అనుభవం అనుకోవచ్చా?

క్లెయిమ్స్ చూసే అక్క

కొలతలు నువ్వే వెళ్లి తీస్తే అనుకోవచ్చు. వేరేవాళ్లు తెచ్చిచ్చిన కొలతలను ఎక్సెల్‌లో ఎక్కించే పనైతే కాదు. శ్లాబు పోయకముందే స్టీల్ కొలత తీయడానికి నన్ను పంపుతారా అని అడుగు. అవునంటే చేరిపో. వరంగల్ సీటు సంగతి తేలగానే ఇక్కడ రాయి.