రైతు కంపెనీ బోర్డుల ఆడోళ్లకు ఒక్క సీటు చాలా, మూడోవంతు కావాలా?

మునుగోడు బత్తాయి: మన నల్లగొండ దిక్కు రైతు ఉత్పత్తిదారుల కంపెనీల్ల బోర్డు మొత్తంల ఆడమనిషి ఒక్కరుంటే గొప్ప. మూడోవంతు సీట్లు వాళ్లవేనని కంపెనీ నియమావళి, అంటే ఆర్టికల్స్‌ల రాసుకోవాలంటున్న. ఏమంటరు?

పాలమూరు పల్లి: 2013 కంపెనీల చట్టం, 149వ సెక్షన్. ఒక్క మహిళ చాలన్నది. మనకెందుకు ఎక్కువ?

లెక్కలక్క: తమ్మీ, ఆ రూలు లిస్టెడ్ కంపెనీలకు, 100 కోట్ల మూలధనమో 300 కోట్ల టర్నోవరో ఉన్న పబ్లిక్ కంపెనీలకు. మనది లెక్కకు ప్రైవేటు. మన బోర్డుల ఒక మహిళ ఉండాలన్నది కేంద్రం ఈక్విటీ గ్రాంటు (షేరు సొమ్ముకు జతగ ఇచ్చే సాయం) షరతు. గ్రాంటు కోసమే ఆ ఒక్క పేరు.

పాలమూరు పల్లి: సర్పంచ్ సీట్లల్ల సగం ఇచ్చిన్రు గదా. సంతకం భార్యది, పెత్తనం భర్తది. ఇక్కడా గంతే.

లెక్కలక్క: గంతే ఎందుకైతదో చూడు. డిన్ (డైరెక్టర్ గుర్తింపు నంబరు) తీసుకునేటప్పుడు భర్త ఫోన్ నంబరు ఇస్తరు, ఓటీపీ ఆయనకే పోతది. డిజిటల్ సంతకం టోకెన్ (పెన్‌డ్రైవ్ లాంటిది) ఆయన జేబుల. ఏడు రోజుల ముందు రావాల్సిన మీటింగ్ నోటీసూ ఆయనకే. కోరం, అంటే మీటింగ్ చెల్లనీకి రావాల్సిన మంది, మూడోవంతు; పది మందిల నలుగురొస్తే సాలు. ఆమె రాకున్నా ఏదీ ఆగదు.

డిండి కాలువ: టోకెన్ మాట నిజం.

పాలమూరు పల్లి: ముందు బోర్డుకు నలుగురు ఆడోళ్ల పేర్లు చెప్పుండ్రి! పాస్‌బుక్కులన్నీ మగోళ్ల పేరు మీదున్నయి. షేరుదారులే లేనిది డైరెక్టర్లు యాడికెల్లి వస్తరు?

మునుగోడు బత్తాయి: పాస్‌బుక్ అడగమని ఏ చట్టం చెప్పింది అన్నా? పంటకు, పాలకు సంబంధించిన పని చేసే ఎవరైనా ఉత్పత్తిదారే. కాయ తెంపి, సైజుల వారీగ ఏరి, ట్రేలకెత్తేది ఆడోళ్లే. షేరు ఫారంల పాస్‌బుక్ జిరాక్స్ అడిగే గడి తీసెయ్యాలె.

పాలమూరు పల్లి: తీసేస్తే కౌలోళ్లు, కూలోళ్లు అందరొస్తరు. మనిషికి ఒకటే ఓటాయె. పదెకరాల తోట పెట్టినోని మాట ఎవరింటరు?

లెక్కలక్క: ఇంతసేపు ఆడోళ్లన్నవు. నీ భయం భూమి లేనోళ్ల ఓటు.

పాలమూరు పల్లి: అవును. షేరు కట్టనియ్యి, ఓటెయ్యనియ్యి. బోర్డు సీటు మాత్రం భూమున్నోళ్లకే. తోట ఎండితే అప్పు వాళ్ల మీదనే పడ్తది.

మునుగోడు బత్తాయి: కూలి పోయేది ఆమెకు గాదా? ఆర్టికల్స్ మార్చమని మూడోవంతు సభ్యులు అడగొచ్చు. కాని తీర్మానం గెలవాలంటే వద్దన్న ఓట్లకు మూడింతలు పడాలె. ఇప్పుడున్న సభ్యులతోని పడయి. ముందు షేరు ఫారం మారుద్దాం.