బ్రయర్‌లో చేతికందిన పాయింటును ఎందుకు వదిలేస్తారు?

కెనడా పురుషుల కర్లింగ్ (మంచు మీద రాళ్లు జార్చి, వలయాల మధ్యకు దగ్గరగా ఆపి పాయింట్లు తెచ్చుకునే ఆట) జాతీయ పోటీ బ్రయర్ చూసేవారు ఒక సందేహం తీర్చండి. 1927లో మొదలైన పోటీ, ఇందులో ఏదో లెక్క ఉండే ఉంటుంది. ఎండ్‌లో (రెండు జట్లూ తమ రాళ్లన్నీ వేసే ఒక విడతలో) ఆఖరి రాయి చేతిలో ఉన్న జట్టు, వలయాల్లో ఒక్క రాయీ లేనప్పుడు, దాదాపు 20 కిలోల ఆ గ్రానైట్ రాయిని మధ్యలో ఆపకుండా కావాలనే వెనక్కి దాటించేస్తోంది. ఉత్త పుణ్యానికి ఒక పాయింటు గంగపాలు!

పాయింటు తీసుకుంటే తరువాతి ఎండ్‌లో ఆఖరి రాయి ఎదుటివారికి పోతుందని, సున్నాతో ముగిస్తే తమకే మిగులుతుందని తెలుసు. రెండు పాయింట్ల ఆశ అనుకుందాం. కానీ పది ఎండ్‌ల ఆటలో, ఒక పాయింటు వెనకబడి కూడా ఎనిమిదో ఎండ్‌లో ఇదే పని చేస్తే? ముందు స్కోరు సమం చేసుకోవడం మేలు కాదా? వ్యాఖ్యాతలకు అది మామూలే, ఒక్క ముక్క వివరించరు. ఏ ఎండ్ నుంచి, ఎంత తేడా ఉంటే ఆ ఒక్కటి తీసుకోవాలో ఆడిన అనుభవమున్నవారు చెప్పగలరా?